నవ్వులోళ్ళ ఇనుప తలుపు

నేను, ఈ వీధి చివర గేట్లు, గ్రిల్లులు, షట్టర్లు చేసే కొలిమి షాపు యజమానురాలిని, ఊరంతా సమ్మెటమ్మ అని పిలిచే మనిషిని, తెలివి తెలివిలోనూ చెయ్యి స్వాధీనంలోనూ ఉండగా, నా తదనంతరం నా ఆస్తిపాస్తులు ఎవరికి ఎలా చెందాలో నిర్ణయించి రాయించిన మరణ శాసనం ఇది. ఇంతకుముందు ఇలాంటిది ఏదీ రాయలేదు. రాశానని ఎవరైనా కాగితం పట్టుకొస్తే దాన్ని కొలిమిలో వేయండి, వీలైతే తెచ్చినవాడి చెయ్యితో సహా.

ఎవరి బెదిరింపుకూ బలవంతానికీ లొంగకుండా రాయిస్తున్నానని ప్రతి వీలునామాలోనూ ఉంటుంది. అది నిజమో అబద్ధమో తేల్చే దారి ఎవరికీ ఉండదు. నా విషయంలో ఉంది. నా పై పెదవి కుడి కొస చూడండి. భయం వేస్తే అది పైకి లేస్తుంది. ఆపుకుందామన్నా ఆగదు. మా తాతకూ అంతే, మా నాన్నకూ అంతే, మా అన్నకూ అంతే. ఈ మాటలు రాయిస్తున్నప్పుడు అది కిందకే ఉంది. సాక్షులు నా మూతి చూసి సంతకం చేయవలసింది.

దస్తావేజు రాస్తున్న గుమాస్తా ఇక్కడ కలం ఆపి, "ఇదంతా అక్కర్లేదమ్మా, ఆస్తి వివరాలు చెప్పండి చాలు" అన్నాడు. ఆ మాట కూడా రాయమన్నాను. ఆస్తి వివరం ఇదేనయ్యా. మా ఇంట్లో తండ్రి నుంచి బిడ్డకు షాపు కంటే ముందు చేతులు మారింది ఈ పెదవే. దీని సంగతి తెలియకుండా కింది అంశాలు చదివితే, ముసలిదానికి మతి పోయిందని కొట్టిపారేస్తారు.

చూసేవాళ్ళకు అది భయంలా కనపడదు. ఎదుటివాణ్ణి పురుగు కింద జమకట్టి, నువ్వెంత అన్నట్టు ఒక పక్కకు నవ్వే నవ్వుంటుందే, అచ్చం అలా ఉంటుంది. అందుకే వీధిలో మమ్మల్ని నవ్వులోళ్ళు అంటారు. మా ఇంట్లో ఎవరైనా సరదాగా నవ్వగా నేను చూసింది తక్కువ.

మా తాత ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో కూలీ. ఒకసారి అచ్చు పగిలి, కరిగిన ఇనుము పక్కవాడి కాళ్ళ మీద పడింది. వాడి అరుపులకు తాత కొయ్యబారిపోయాడు. కొస లేచింది. సూపర్‌వైజరు అది చూశాడు. మనిషి కాలిపోతుంటే నవ్వుతావురా అని గొలుసు తీసుకుని వీపు చీరేశాడు. కొట్టేకొద్దీ భయం పెరిగింది, భయపడేకొద్దీ నవ్వు పెరిగింది, నవ్వేకొద్దీ దెబ్బలు పెరిగాయి. గొలుసు పట్టుకున్నవాడికి చెయ్యి నొప్పి పుట్టేదాకా సాగింది.

ఆ రోజు తాత ఇంటికి వచ్చి ఉన్న అద్దాలన్నీ పిడికిలితో పగలగొట్టాడు. మూతి కనపడకుండా మీసం పెంచాడు. ఆ తరవాత ఎవరైనా తన మూతి వంక రెండోసారి చూస్తే, వాళ్ళు నోరు తెరిచేలోపే తనే కొట్టేవాడు. మా వంశానికి రక్తంలోనే కోపం ఉందని వీధిలో చెప్పుకుంటారు. నేను ఒప్పుకోను. రక్తంలో వచ్చింది పెదవి. కోపం ఊరు నేర్పింది, దాన్ని మేం ఇంటికి తెచ్చుకుని పెంచుకున్నాం.

ఇక అంశాలు.

ఒకటి. నా శరీరం గురించి.

నేను పోయాక నా ముఖం మీద బట్ట కప్పకూడదు. నా మేనల్లుడి కూతుర్ని, అంటే మా అన్న మనవరాలిని, దగ్గరికి తీసుకొచ్చి నా మూతి చూపించాలి. మా నాన్న పోయినప్పుడు నేను చూశాను. కొస దిగిపోయి, ముఖం ఎంత మామూలుగా ఉందో చెప్పలేను. ఆయన్ని అలా చూడటం అదే మొదటిసారి. ఇంత సాదా మనిషికా మేం అన్నేళ్ళు వణికిపోయాం అనిపించి ఏడుపొచ్చింది. పిల్లకు ఆ మామూలు ముఖం ఒక్కసారి కనపడాలి. ఏడుస్తుందని అడ్డం పడేవాళ్ళను బయటికి నెట్టండి.

రెండు. తోలు పట్టా గురించి.

కొలిమికి గాలి కొట్టే చక్రానికి పూర్వం ఒక తోలు పట్టా ఉండేది. అది చక్రం మీద తిరిగినదాని కంటే మా అన్న వీపు మీద తిరిగింది ఎక్కువ. మా నాన్న అద్దాల్లేని ఇంట్లో పెరిగాడు. గడ్డం కూడా చేత్తో తడుముకుంటూ గీసుకునేవాడు. తన పై పెదవి ఏం చేస్తుందో ఆయనకు తెలియదు. మా అన్న పెదవి ఏం చేస్తుందో మాత్రం బాగా తెలుసు. "నవ్వుతావా? నా ముందు నవ్వుతావా?" అనే ఈ రెండు మాటలూ మా చిన్నతనంలో అన్నం కంటే ఎక్కువసార్లు విన్నాం.

అన్నకు పదిహేనేళ్ళప్పుడు ఒక గేటు రెక్క కొలత తప్పి కురచగా కోశాడు. నాన్న కొలిమి దగ్గర నుంచే అడిగాడు. అన్న జవాబు చెప్పబోయాడు, మూతి లేచింది. నాన్న కొలిమిలో కాలుతున్న కడ్డీ తీసి, జుట్టు పట్టుకుని, లేచిన ఆ కొస మీద ఆనించాడు. దించడానికట. వంకర ఇనుమును కాల్చి సరిచేస్తాం కదా, మనిషిని మాత్రం ఎందుకు చేయలేం అనుకున్నట్టున్నాడు. అన్న అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. వాసన కూడా ఉంది, దాన్ని రాయించను.

తరవాత నాన్న ఏం చేశాడో అది రాయండి. పనిలోకి దిగాడు. కడ్డీని దాగలి దిమ్మ మీద పెట్టి, ఎడమచేత్తో పటకారు పట్టుకుని, కుడిచెయ్యి దాగలి అంచు మీద ఆనించి, "కొట్టు" అన్నాడు నాతో. సమ్మెట కొట్టే పని అప్పటికే నాది. వయసుకు మించిన భుజాలు నావి, అవీ ఆయనిచ్చినవే. కొట్టమన్నాడు, కొట్టాను. కడ్డీ మీద కాదు.

ఇది తప్పు ఒప్పుకోవడం కాదు. మళ్ళీ ఆ దాగలి, ఆ చెయ్యి కనపడితే మళ్ళీ కొడతాను. చెప్పదలుచుకున్నది ఆ తరవాతి సంగతి. చెయ్యి పచ్చడై నాన్న మోకాళ్ళ మీద పడ్డాడు. తలెత్తి నన్ను చూశాడు. మీసం కింద ఆయన మూతి కుడి కొస లేచింది. కొడుకు మూతి కాల్చి, తన చెయ్యి పోయాక కూడా నన్ను చూసి నవ్వుతున్నాడనుకున్నాను. "నవ్వుతావా?" అని అరిచాను. గొంతు నాదే, మాట ఆయనది. రెండో దెబ్బకు సమ్మెట ఎత్తాను, ఈసారి తలకు. అప్పుడు ఆయన మోకాళ్ళ కింద నేల తడవడం కనిపించింది. నవ్వేవాడు ఉచ్చ పోసుకోడు.

సమ్మెట కింద పడేశాను. ఆ క్షణంలోనే మా ఇంటి గుట్టు నాకు తెలిసింది. ఆయన తన తండ్రి చేతిలో దెబ్బలు తిన్నదీ, మా అన్న ఆయన చేతిలో తిన్నదీ ఒకే భయానికి, ఇప్పుడు నేను చంపబోయిందీ ఆ భయాన్నే. చేతికి కట్లు వేయించాక బజారుకు వెళ్ళి అద్దం కొనుక్కొచ్చి ఆయన ముఖం ముందు పట్టాను. చెవి పక్కనే దాగలి మీద సుత్తితో ఒక్కటి మోగించాను. ఉలిక్కిపడ్డాడు, కొస లేచింది, తన కళ్ళతో తనే చూసుకున్నాడు. ఎడమచేత్తో ఆ కొస తడుముకున్నాడు. తరవాత, "వాడు నవ్వలేదా?" అన్నాడు. అన్న పక్క గదిలోనే మూతికి పట్టీ వేసుకుని పడుకుని ఉన్నాడు. ఆ తరవాత నాన్న ఎవరి మీదా చెయ్యెత్తలేదు. ఎత్తడానికి కుడిచెయ్యి లేదు కూడా, ఆ ఘనత మొత్తం అద్దానికే ఇవ్వను.

ఆ తోలు పట్టా ఎవరికి చెందాలో ఆరో అంశంలో ఉంది.

మూడు. కాంట్రాక్టరు వారసులకు.

నా మంచం కింద ఒక ఇనుప కడ్డీ ఉంది. కోర్టువాళ్ళు కట్టిన చీటీ దానికి ఇంకా వేలాడుతోంది. దాన్ని, ఈ ఊళ్ళో పెద్ద పెద్ద భవనాలు కట్టిన కాంట్రాక్టరు కొడుకులకు రాసిస్తున్నాను. వాళ్ళ ఇంటి గుమ్మంలో, గేటుకు ఆనించి పెట్టి రావాలి. ఆ గేటు మా అన్న చేసిందే.

కాలిన తరవాత అన్న పెదవి సగం లేచే ఉండేది. భయపడితే పూర్తిగా పైకి పోయేది. అతనికి పెళ్ళయింది, కొడుకు పుట్టాడు, చేతిలో పని ఉంది, అయినా మనుషుల్లోకి వెళ్ళడానికి జంకేవాడు. నేను మా తాతలా తయారయ్యాను, ఎవరు చూసినా తిరగబడేదాన్ని. అన్న ఇంకో రకం. చేతిరుమాలు మూతికి అడ్డం పెట్టుకుని గోడ వెంట నడిచేవాడు. ఒకే పెదవి, ఇద్దరు మనుషులు. ఒక రోజు కాంట్రాక్టరు ఇంటికి గేటు బిగించడానికి వెళ్ళేసరికి ఆ ఇంట్లో చావు. కాంట్రాక్టరు భార్య పోయింది. అన్న రెండు చేతుల్లోనూ కడ్డీలు పట్టుకుని ఉన్నాడు, రుమాలు జేబులో ఉండిపోయింది. ఏడుపులు విని గుమ్మంలోనే నిలబడిపోయాడు. మూతి లేచింది.

"నా భార్య శవం ముందు నిలబడి నవ్వుతావా" అన్నాడట కాంట్రాక్టరు. వాళ్ళ మనుషులు అన్న చేతుల్లోని కడ్డీలే లాక్కుని కొట్టారు. పక్కటెముకలు విరిచారు, తల పగలగొట్టారు, పడిపోయాక కూడా కొట్టారు. ఎందుకంటే పడిపోయాక కూడా నవ్వుతున్నాడు. ఆసుపత్రిలో శవాన్ని అప్పగించినవాడు, "చచ్చి కూడా నవ్వుతున్నాడేంటండీ" అన్నాడు. వాడి ముందు పళ్ళు నాలుగు రాలగొట్టాను. వాడిదేమీ తప్పు లేదని ఇప్పుడు తెలుసు. పళ్ళు మాత్రం వెనక్కి ఇవ్వలేను.

కోర్టులో నేను బోనెక్కి ఈ పెదవి కథంతా చెప్పాను. అంతమంది ముందు మాట్లాడటం అదే మొదలు. నా మూతి లేచింది. వాళ్ళ వకీలు వేలెత్తి చూపించి, "చూడండి, అన్న చచ్చిన కేసులో చెల్లెలు కూడా నవ్వుతోంది" అన్నాడు. కొట్టినవాళ్ళకు శిక్ష నామమాత్రంగా పడింది. కాబట్టి కాంట్రాక్టరు కొడుకులారా, కడ్డీ మీది, ఉంచుకోండి. తుప్పు పట్టనివ్వకుండా నూనె రాస్తూ వచ్చాను.

నాలుగు. నన్ను ఒకప్పుడు పెళ్ళాడినవాడికి.

సంబంధం చూడటానికి వచ్చినప్పుడు అతని మీసాలూ వాళ్ళ నాన్న గొంతూ చూసి నాకు ప్రాణం పోయినంత భయం వేసింది. అమ్మాయి నవ్వింది, ఇష్టమే అన్నారు వాళ్ళు. అలా కుదిరింది. కాపురానికి వెళ్ళిన కొత్తలో ఒకసారి చెంప మీద కొట్టాడు. నా మూతి లేచేలోపే నా చెయ్యి లేచింది. అతని దవడ కుదురుకునేసరికి నేను పుట్టింట్లో కొలిమి ఊదుతున్నాను. అతను బతికి ఉంటే నా వెల్డింగు మాస్కు అతనికి ఇవ్వండి. జీవితంలో నేను ఎవరికీ భయపడకుండా, ఎవరినీ భయపెట్టకుండా గడిపిన గంటలన్నీ దాని వెనకే గడిచాయి. అతను అది పెట్టుకుని వచ్చి ఉంటే బహుశా కాపురం చేసేదాన్ని.

ఐదు. అద్దం.

మా నాన్నకు చూపించిన ఆ అద్దం, చట్రంతో సహా, మా అన్న మనవరాలికి. కొస లేచినప్పుడు అందులో చూసుకుని, ఇది నవ్వు కాదు, పొగరు కాదు, భయం అని తనకు తనే చెప్పుకోవాలి. చదవడం వచ్చేదాకా ఈ అంశం తనకు చదివి వినిపించాలి. తల్లీ, నీ మూతిలో ఏ తప్పూ లేదు. ఎవరైనా ఉందంటే, నన్ను తలుచుకో.

ఆరు. షాపు, పై గదులు, తలుపు.

గుమాస్తా ఇప్పటిదాకా ఎదురుచూసిన అంశం ఇది. జాగ్రత్తగా రాయాలి.

మా అన్న కొడుకును, అంటే నా మేనల్లుణ్ణి, అన్న పోయినప్పటి నుంచీ నేనే పెంచాను. వాడికి వాళ్ళమ్మ మూతి వచ్చింది, చక్కగా నిలకడగా ఉంటుంది. అది చూసి దేవుడు కరుణించాడనుకున్నాను. మా పెదవి రాలేదు గానీ మా తాత మణికట్టు వచ్చింది. చిన్నప్పుడు తలుపు వేస్తే గొళ్ళెం ఊడేది, గ్లాసు దింపితే పగిలేది. వాడు మెల్లగా చేసినా మోతే. ఎవరూ వాణ్ణి కొట్టలేదు. దెబ్బ తినడం ఎలా ఉంటుందో వాడి ఒంటికి తెలియదు. ఒక దెబ్బ ఎంత దూరం పోతుందో వాడికి చెప్పాను, కానీ విన్నంత మాత్రాన తెలిసేది కాదది.

వాడికి కూతురు పుట్టింది. పసిగుడ్డుగా ఉన్నప్పుడు నేలమీద మూకుడు పడి చప్పుడైంది. బిడ్డ పై పెదవి కుడి కొస లేచింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు, అబ్బ ఎంత ముద్దుగా నవ్వుతోందో అన్నారు. నేను లేచి షాపులోకి వెళ్ళిపోయి చాలాసేపు ఏదో ఒక ఇనుము కొట్టాను.

ఇప్పుడు పిల్లకు ఆరేళ్ళు. నేను వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఒకటి గమనించాను. తండ్రి చెప్పుల చప్పుడు మెట్ల మీద వినపడితే పిల్ల నీళ్ళ గ్లాసు అందుకుంటుంది. దాహం లేదు. గుక్క వేయదు. రెండు చేతులతో పట్టుకుని మూతికి అడ్డం పెట్టుకుంటుంది. తల్లి వంటగదిలోంచి, "నీళ్ళు తాగమ్మా, నీళ్ళు తాగు" అంటుంది. వాడు వచ్చి కూర్చున్నాక కూడా గ్లాసు దిగదు. ఒకసారి నా ఎదురుగానే గ్లాసు లాక్కున్నాడు. కొస లేచి ఉంది. "నవ్వుతావా?" అన్నాడు. నేను పెంచినవాడు, మా తాతను ఎన్నడూ చూడనివాడు, అదే మాట, అదే విరుపు. నేను లేచేలోపే చెంప మీద పడింది. ఆ మణికట్టుతో. పిల్ల గోడకు కొట్టుకుని కింద పడింది. "నేను నవ్వలేదు నాన్నా" అంటూనే ఉంది, మూతి లేచే ఉంది, వాడు మళ్ళీ చెయ్యెత్తాడు. ఆ చేతిని నేను పట్టుకున్నాను. పళ్ళతో.

మర్నాడు వాణ్ణి కూర్చోబెట్టి అంతా చెప్పాను, వాళ్ళ నాన్న ఎలా చచ్చాడో కూడా. "అత్తా, నీకు చాదస్తం ఎక్కువైంది. అది మొండి ఘటం, కావాలనే నవ్వుతుంది" అన్నాడు. వాడు దుర్మార్గుడని మాత్రం రాయకండి. నాకు జ్వరం వస్తే రెండు చేతులమీద మోసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది వాడే. వాణ్ణి ప్రేమిస్తున్నాను. అందుకే ఇంకా కోపం.

నా చేతిలో సమ్మెట ఇక నిలవదు. కాబట్టి వేరేది చేశాను. షాపు పైన ఉన్న రెండు గదులకు ఇనుప తలుపు చేశాను. ఇది నా ఆఖరి పని. గడియ లోపలివైపు మాత్రమే ఉంది. బయటి నుంచి తాళం లేదు, పిడి కూడా లేదు. ఆరేళ్ళ పిల్ల కళ్ళు అందే ఎత్తులో చిన్న జాలీ ఉంది. తలుపు మూసినప్పుడు మోత రాకూడదని చట్రం చుట్టూ తోలు పట్టీ వేశాను. అది మా అన్నను కొట్టిన ఆ పట్టానే, కోసి అతికించాను. ఇకనుంచి దాని పని చప్పుడు ఆపడం.

పై గదులు, వాటి తలుపుతో సహా, నేను పోయిన రోజు నుంచే నా మేనల్లుడి భార్యకూ పిల్లకూ సర్వహక్కులతో చెందుతాయి. వీలునామా చదివేలోపే వాళ్ళిద్దరూ సామానుతో లోపలికి చేరి గడియ వేసుకోవాలి. చదివేటప్పుడు వాళ్ళు వాడి పక్కన కూర్చుని ఉండకూడదు.

కింది షాపు, కొలిమి, దాగలి, వెల్డింగు సామాను, ఆర్డర్లు అన్నీ నా మేనల్లుడికే. వాడు మంచి పనివాడు, గేటు వాడు చేసినంత నేర్పుగా ఇప్పుడు ఎవరూ చేయరు. కానీ అవి వాడి పేరుకు ఎప్పుడు మారాలంటే, పిల్ల చేతిలో గ్లాసు లేకుండా, జాలీలోంచి తండ్రిని చూసినప్పుడు ఆ కొస లేవకుండా ఉన్న రోజున. అంతదాకా షాపు మా వీధి తాళాల మేస్త్రీ అజమాయిషీలో ఉంటుంది. ఈ వీలునామాకు నిర్వాహకుడు ఆయనే. వాడు అందులో కూలికి పనిచేసుకోవచ్చు. ఆయన లోపల పిల్ల పక్కన నిలబడి మూతి చూడాలి. తొందరపడి తేల్చకూడదు. కొస కాస్త వణికినా లెక్కే.

ఇందులో తిరకాసు ఏమీ లేదు. బతిమాలినా, బెదిరించినా, బొమ్మలు కొనిచ్చినా కుదరదు. పిల్ల నటించలేదు, మాలో ఎవరమూ నటించలేకపోయాం. కొట్టి ఆ మూతి దించడం మా తాత చేత కాలేదు, మా నాన్న కాల్చినా కాలేదు, కడ్డీలతో ఎముకలు విరిచినా కాలేదు. ఒరేయ్, అది దిగే దారి ఒక్కటే ఉంది. ఆ దారిలో రా. నెలలు పట్టనీ, ఏళ్ళు పట్టనీ. కింద పని చేసుకుంటూ రోజూ మెట్లెక్కి జాలీ ముందు కూర్చో. మెల్లగా మాట్లాడు. చేతులు వెనక కట్టుకో. లేచిన కొస చూసి పళ్ళు కొరకడం మానేసి, నా బిడ్డకు నేనంటే ఇంత భయమా అని సిగ్గుపడటం మొదలుపెట్టు.

ఏడు. మేనల్లుడి భార్యకు.

అమ్మా, పిల్లకు గ్లాసు నేర్పినందుకు నిన్ను తప్పుపట్టను. ఆ ఇంట్లో నీకు దొరికిన ఆయుధం అదే. నీకు నా చిన్న సుత్తి ఇస్తున్నాను, పిడి చేతికి సరిపోతుంది. గడియ పక్కనే తగిలించుకో. వాడే గనక తలుపు విరగ్గొట్టి వస్తే, చెయ్యి ఎక్కడ కొట్టాలో రెండో అంశంలో ఉంది. జాలిపడి గడియ తీయకు. ఏడుస్తాడు, వాడికి ఏడుపు నిజంగానే వస్తుంది. అయినా తీయకు. వాడి ముఖం చూడకు, పిల్ల మూతి చూడు.

ఎనిమిది. ఎవరైనా ఈ ఏర్పాటు చెల్లదని కోర్టుకెక్కితే, షాపు మొత్తం వెంటనే తల్లీబిడ్డలదవుతుంది, కోర్టుకెక్కినవాడికి ఆ తలుపు బయటివైపు దక్కుతుంది.

ఇది నా ఇష్టప్రకారం చెప్పి రాయించి, చదివించుకుని విని, సరిగ్గా ఉందని సంతకం చేస్తున్నాను.

తేదీ: వానలు మొదలైన ఈ నెల పద్నాలుగు, మంగళవారం ఉదయం, షాపు పై గదిలో, తలుపు లోపలివైపు.

(సంతకం) సమ్మెటమ్మ

సాక్షుల మాట:

పైన రాయించిన మనిషి మా ఎదుట సంతకం చేసింది. ఆమె కోరిన ప్రకారం మొదటి నుంచీ ఆమె మూతి చూస్తూనే ఉన్నాం. తండ్రి చెయ్యి విరగ్గొట్టిన సంగతి చెప్పినప్పుడు గానీ, అన్న చావు చెప్పినప్పుడు గానీ కొస లేవలేదు. ఆరో అంశం మధ్యలో ఆమె మేనల్లుడి భార్య టీ తీసుకుని వచ్చింది, వెంట పిల్ల కూడా వచ్చింది. అప్పుడూ లేవలేదు. సంతకం పెట్టడానికి కలం అందుకున్నప్పుడు లేచింది.

ఎవరైనా బెదిరించారా అని అడిగాం. లేదంది. చావంటే భయమా అని అడిగాం. దానికి మమ్మల్ని తిట్టింది, ఆ మాటలు ఇక్కడ రాయలేదు. మరి దేనికి అంటే, "నేను పోయాక ఈ పిల్ల 'నాన్నా' అంటూ తానే వెళ్ళి గడియ తీసేస్తుందేమోనని" అంది. అంటూ సంతకం పూర్తిచేసింది. కొస కిందికి దిగలేదు.

పిల్ల దగ్గరికి వచ్చి ఆమె మూతి వంక తేరిపార చూసింది. చేతిలో ఉన్న నీళ్ళ గ్లాసు ఆమెకు అందించింది. "పెట్టుకో నానమ్మా, కనపడదు" అంది.

ఆమె గ్లాసు తీసుకుని కింద పెట్టింది. తన సొంత ఇష్టంతోనే సంతకం చేసిందని మేమిద్దరం ధ్రువీకరిస్తున్నాం.

సాక్షి 1: వీధి మలుపులో రొట్టెలు కాల్చే ఆయన (సంతకం)

సాక్షి 2: ఎదురింటి కుట్టుమిషను ఆవిడ (సంతకం)

దస్తూరి: రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు రాసే గుమాస్తా. చెప్పింది చెప్పినట్టు రాశాను.